నర్సుకు డాక్టరేట్: నడిగూడెం నుంచి చూస్తే

కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లలో నర్సింగ్ చదివిన ఆడపిల్లలకు కొదవ లేదు. ఇంటర్ బైపీసీ తర్వాత మెడిసిన్ సీటు అందక ఇటు వచ్చినవాళ్లు కొందరు, త్వరగా ఉద్యోగం దొరుకుతుందని మొదటే నిర్ణయించుకుని వచ్చినవాళ్లు ఇంకొందరు. మా తరంలో జీఎన్‌ఎం దగ్గర ఆగిన చదువు ఇప్పుడు బీఎస్సీ దాటి ఎమ్మెస్సీ దాకా వచ్చింది. ఎమ్మెస్సీ పూర్తిచేసి నాలుగైదేళ్లు వార్డులో పనిచేసేసరికి అమ్మాయికి ముప్పై ఏళ్లు దగ్గర పడుతుంటాయి. సరిగ్గా అప్పుడే ఈ ప్రశ్న ఎదురవుతుంది. డాక్టరేట్‌కు దరఖాస్తు పెట్టాలా, వద్దా?

నడిగూడెంలో ఉండే మా చెల్లెలి కూతురు ఈ మధ్య నన్నిదే అడిగింది. ఒక ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డులో నర్సింగ్ ఆఫీసర్‌గా చేస్తోంది. "పెద్దమ్మా, ఇక్కడ పీహెచ్‌డీకి వెయ్యనా, అమెరికాలో డీఎన్‌పీకి వెయ్యనా? మా బ్యాచోళ్లు రెండూ ఒకటే అంటున్నరు" అంది. రెండూ ఒకటి కావు. దరఖాస్తు ఫారం తెరవకముందే తేల్చుకోవాల్సింది ఈ తేడానే. అది తెలియకుండా అడుగేస్తే మూడు నాలుగేళ్లు పోతాయి, డబ్బు సంగతి సరేసరి.

పీహెచ్‌డీ పరిశోధన పట్టా. ఒక ప్రశ్న పట్టుకుని, ఇంతవరకు ఎవరూ చెప్పని జవాబును ఆధారాలతో నిలబెట్టాలి. డీఎన్‌పీ, అంటే డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్, రోగి దగ్గర పనిచేసే నర్సు కోసం పుట్టిన చదువు. పరిశోధనల్లో ఇప్పటికే తేలిన సంగతులను వార్డులో, క్లినిక్‌లో ఆచరణలోకి తేవడం దాని పని. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయం 2001లో దీన్ని మొదలుపెట్టింది. అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్‌లోకి, అంటే రోగి దగ్గర పై స్థాయి పనిలోకి, వచ్చే నర్సులందరికీ 2015 నాటికి ఇదే చదువు ఉండాలని అక్కడి నర్సింగ్ కాలేజీల సంఘం 2004లో తీర్మానించింది. 2015 వచ్చి వెళ్లింది. రోగిని పరీక్షించి మందు రాసే నర్స్ ప్రాక్టీషనర్ల కోర్సుల అధ్యాపక సంఘం 2018లో మళ్లీ 2025ను గడువుగా పెట్టుకుంది. ఆ ఏడూ దాటిపోయింది. ఇప్పటికీ అక్కడ మాస్టర్స్‌తో నర్స్ ప్రాక్టీషనర్ లైసెన్స్ వస్తోంది. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చే నర్సులకు మాత్రం డాక్టరేట్ తప్పనిసరి అయింది, 2022 నుంచి కొత్తగా చేరేవాళ్లంతా ఆ స్థాయి కోర్సులోనే చేరాలి. అంతర్జాతీయ నర్సుల మండలి 2020 మార్గదర్శకాల్లో అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్‌కు అడిగిన కనీసార్హత మాస్టర్స్ పట్టానే. ఇంగ్లండ్‌లోనూ అంతే. కాబట్టి డాక్టరేట్ లేకపోతే రోగి దగ్గర పై స్థాయి పని చేయనివ్వరు అన్న భయంతో ఎవరూ దరఖాస్తు పెట్టనక్కర్లేదు.

మన దేశంలో ఈ చదువు ఇంకా చిన్న వయసులో ఉంది. 1946లో ఢిల్లీలోనూ వెల్లూరులోనూ బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. ఢిల్లీలోని రాజకుమారి అమృత్ కౌర్ కాలేజీలో 1959లో మాస్టర్స్, 1986లో ఎంఫిల్, 1992లో పీహెచ్‌డీ వచ్చాయి. మొదటి బీఎస్సీకీ పీహెచ్‌డీకీ మధ్య నలభై ఆరేళ్లు పట్టింది. 2005-06లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వేర్వేరు చోట్ల ఉన్న గైడ్లను ఒక గొడుగు కిందికి తెచ్చి, బెంగళూరులోని రాజీవ్‌గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయంతో కలిసి పీహెచ్‌డీకి జాతీయ కన్సార్షియం పెట్టింది. డీఎన్‌పీ అనే మెట్టు మాత్రం మన నర్సింగ్ చదువుల వరసలో లేదు. రోగి మంచం పక్కనే ఎదగాలనుకునే నర్సుకు ఇక్కడ డాక్టరేట్ అంటే పీహెచ్‌డీ ఒక్కటే కనిపిస్తుంది. ఆ పీహెచ్‌డీ ఆమెను మంచం పక్కనుంచి తీసుకెళ్లి కాలేజీ స్టాఫ్ రూములో కూర్చోబెడుతుంది. నాకు ఇందులో అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

అయినా వెయ్యమనేవాళ్ల వాదనలో గట్టి బలం ఉంది. 2014లో లాన్సెట్ పత్రికలో లిండా ఐకెన్ బృందం తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రుల లెక్కలు తీసి ఒక వ్యాసం ప్రచురించింది. నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగితే, ఆపరేషన్ అయిన రోగి ముప్పై రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని అందులో తేలింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగితే ఆ అవకాశం 7 శాతం తగ్గుతోంది. ఐకెన్ నర్సుగా మొదలై పరిశోధనలోకి వెళ్లిన మనిషి. ఆమె చెప్పింది మన వార్డుల్లో ప్రతి సిస్టర్‌కూ అనుభవంలో ఉన్నదే. కానీ "మనుషులు చాలట్లేదు సార్" అంటే విన్నవాళ్లు తలూపి ఊరుకుంటారు. అదే 7 శాతం అని లెక్క తీసి ముందు పెడితే బడ్జెట్ రాసేవాళ్లు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. అంతకు ఎంత తక్కువ మందితో మన వార్డులు నడుస్తున్నాయో, దానివల్ల రోగికి ఏం నష్టం జరుగుతోందో మన ఆసుపత్రుల లెక్క మనకుండాలి. యూరప్ లెక్క చూపించి హైదరాబాదులో పోస్టులు అడగలేం. ఆ పని వార్డు తెలిసిన నర్సు చేయాలి, చేయడానికి పరిశోధన పద్ధతి నేర్చుకుని ఉండాలి.

మా అమ్మాయి పనిచేసే విభాగాన్నే తీసుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లని తేలింది. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. ఇంకే రాష్ట్రంలోనూ ఇంత లేదు. కారణమేంటంటే ఒకరు ముహూర్తాలంటారు, ఒకరు ప్రైవేటు ఆసుపత్రుల ఆదాయమంటారు, నొప్పులంటే భయమంటారు, మొదటి కాన్పుకు కోశారు గనుక రెండోదానికీ కోయక తప్పదంటారు. అన్నిటిలో ఎంతోకొంత నిజం ఉండవచ్చు. కాన్పు గదిలో గంట గంటకూ ఏం జరుగుతోందో దగ్గరుండి చూసేది మాత్రం నర్సే.

మా అమ్మాయి చెప్పిన ఒక సంగతి నన్ను వదల్లేదు. నొప్పులు పడుతున్న తల్లి కేస్ షీటులో పార్టోగ్రాఫ్ అనే కాగితం ఉంటుంది. గర్భాశయ ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది, బిడ్డ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వచ్చాయి, తల్లి నాడి ఎంత, బీపీ ఎంత, ఇవన్నీ వేళకు చూసి దానిమీద గుర్తులు పెట్టాలి. కాగితం మీద రెండు వాలుగీతలు ముందే అచ్చువేసి ఉంటాయి. మొదటిది హెచ్చరిక గీత. రెండోది, ఇక ఏదో ఒకటి చేసి తీరాలని చెప్పే గీత. తల్లి గుర్తులు హెచ్చరిక గీతకు ఎడమవైపు సాగుతుంటే కాన్పు సజావుగా నడుస్తున్నట్టు. కుడివైపు జరిగితే ఆలస్యమవుతున్నట్టు, డాక్టరును పిలవాలి. "నైట్ డ్యూటీల ఇద్దరం ఉంటం పెద్దమ్మా. ఒకామెకు బిడ్డ బయటికొస్తుంటే ఇంకో టేబుల్ మీద ఇంకొకామె కేకలు పెడుతుంటది. గ్రాఫు ఎప్పుడు గీస్తం? తెల్లారి హ్యాండోవర్ ముందు, కాన్పులన్నీ అయినంక, గుర్తున్నకాడికి నింపుతం. అందరి గీతలూ సక్కగా ఎడమకే ఉంటయ్" అంది.

పీహెచ్‌డీకి కావాల్సిన ప్రశ్న ఇందులోనే ఉంది. ఒక్కో తల్లి దగ్గర ఒక శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ చివరిదాకా ఉంటే గ్రాఫు వేళకు పడుతుందా? పడితే కోతలు తగ్గుతాయా, బిడ్డకు మేలు జరుగుతుందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పార్టోగ్రాఫ్‌కు బదులు లేబర్ కేర్ గైడ్ అనే కొత్త కాగితాన్ని తెచ్చింది. ఇద్దరే నర్సులున్న మన రాత్రి డ్యూటీలో అది ఎంతవరకు నడుస్తుంది? ఇలాంటి ప్రశ్నలు బయటివాళ్లకు తట్టవు. తట్టినా, ఎడమవైపు చక్కగా ఉన్న గీతలు చూసి అంతా బాగుందని రాసుకుని వెళ్లిపోతారు.

ఇక వద్దనేవాళ్ల మాట. అదీ కొట్టిపారేసేది కాదు.

మొదటిది, చదివాక ఎక్కడ కూర్చోబెడతారు? నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ పదవికి కౌన్సిల్ అడిగేది ఎమ్మెస్సీ, పదిహేనేళ్ల అనుభవం. పీహెచ్‌డీ ఉంటే మంచిదంటుంది, ఉండి తీరాలనదు. ఆసుపత్రి వైపు ఆ మాట కూడా లేదు. స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, సూపరింటెండెంట్ అని పేర్లు మారినా పైకి వెళ్లే మెట్లు సీనియారిటీవే. డాక్టరేట్ తెచ్చుకున్న నర్సు మర్నాడు అదే వార్డుకు, అదే డ్యూటీ చార్టుకు తిరిగి రావాలి, లేదా వార్డు వదిలి కాలేజీకి పోవాలి. కాలేజీల్లో అవసరం పెరిగే మాట నిజమే. 2014 తర్వాత పెట్టిన మెడికల్ కాలేజీల పక్కన 157 నర్సింగ్ కాలేజీలు పెడతామని కేంద్రం 2023 బడ్జెట్‌లో చెప్పింది. అన్ని కాలేజీలకు పాఠం చెప్పేవాళ్లు కావాలి. పాఠం చెప్పడం ఇష్టమున్నవాళ్లకు ఇది మంచి కాలం. మా అమ్మాయికి పాఠం చెప్పాలని లేదు.

రెండోది, మన నర్సింగ్ పరిశోధనల నాణ్యత. దేశంలోని విశ్వవిద్యాలయాల థీసిస్‌లను ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టే శోధ్‌గంగ అనే భాండాగారం ఉంది. దరఖాస్తు పెట్టే ప్రతి నర్సూ ముందు దాన్ని తెరిచి ఒక సాయంత్రం చూడాలి. ఫలానా జబ్బు గురించి ఫలానా ఊరి తల్లులకు ఒక బోధన కార్యక్రమం పెట్టాం, ముందు పరీక్షలో ఇన్ని మార్కులు వచ్చాయి, తర్వాత పరీక్షలో ఇన్ని వచ్చాయి, కాబట్టి బోధన ఫలించింది అన్న తరహా పని అడుగడుగునా కనిపిస్తుంది. చెబితే మార్కులు పెరుగుతాయని తెలుసుకోవడానికి డాక్టరేట్ అక్కర్లేదు. ఆ మార్కులు పెరిగిన తల్లి బిడ్డ బతికి బట్టకట్టిందా అన్నది అసలు ప్రశ్న. అంత దూరం వెళ్లాలంటే ఏళ్ల తరబడి రోగులను వెంబడించాలి, లెక్కలు తెలిసినవాళ్ల సాయం కావాలి, డబ్బు కావాలి. జీతం మీద ఇల్లు నడుపుతూ సొంత ఖర్చుతో థీసిస్ రాసే నర్సు చిన్న పనికే సరిపెట్టుకుంటే ఆమెను అనడానికి లేదు. అయితే అలాంటి థీసిస్ కోసం అయిదేళ్లు పెట్టడం ఎవరికి లాభం అని అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు.

మూడోది ఇల్లు. ముప్పై ఏళ్ల వయసు అంటే పెళ్లి, పిల్లలు, అత్తమామల మందులు, తమ్ముడి చదువు అన్నీ ఒకేసారి మీదపడే కాలం. యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన నిబంధనల్లో పీహెచ్‌డీకి కనిష్ఠం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ఆడవాళ్లకు ఇంకో రెండేళ్లు ఇవ్వొచ్చు, ప్రసూతికో శిశు సంరక్షణకో 240 రోజుల సెలవు ఉంది. కాగితం మీద ఇది మంచి సదుపాయం. కానీ నైట్ డ్యూటీ దిగి వచ్చి, పిల్లను బడికి పంపి, పన్నెండింటికి ల్యాప్‌టాప్ తెరిచే మనిషికి కావాల్సింది ఇంకో రెండేళ్ల గడువు కాదు, రోజులో ఇంకో రెండు గంటలు. భర్త, అత్తగారు ఆ రెండు గంటలు ఇవ్వగలరో లేదో ఎంట్రన్స్ ఫీజు కట్టకముందే మాట్లాడుకోవాలి. ఇది చదువుకు సంబంధించని విషయం అనుకుని సిగ్గుపడి ఊరుకున్నవాళ్లే మధ్యలో ఆగిపోవడం చూశాను.

ఇక్కడ వేస్తే దరఖాస్తు ఎలా నడుస్తుందో కూడా చెప్పాలి. మాస్టర్స్‌లో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని బీసీ వర్గాలకు అయిదు శాతం సడలింపు. విశ్వవిద్యాలయం సొంతంగా పెట్టే ఎంట్రన్స్‌లో సగం పరిశోధన పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద ప్రశ్నలు. ఎంట్రన్స్‌కు 70, ఇంటర్వ్యూకు 30 చొప్పున లెక్కగడతారు. చేరాక కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్క్ చేయాలి. ఉద్యోగం వదలకుండా పార్ట్‌టైమ్‌గా చేయొచ్చు, కానీ పనిచేసే చోటి నుంచి ఎన్‌ఓసీ తేవాలి. పరిశోధనకు సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సు వర్క్‌కు పంపుతామని అందులో ఆసుపత్రి రాసివ్వాలి. గైడ్ దగ్గర ఇంకో చిక్కు. ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మించి తీసుకోకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. నర్సింగ్‌లో గైడ్లు మొదటే తక్కువ. అందుకే నోటిఫికేషన్ చూసి ఫారం నింపి ఆ తర్వాత గైడ్ కోసం వెతకడం తలకిందుల పద్ధతి. ముందు మీ ప్రశ్నను రెండు పేజీల్లో రాసుకోండి. అది చదివి ఎదురు ప్రశ్నలు వేసే గైడ్ ఎక్కడున్నారో చూసి అక్కడ వెయ్యండి. రెండు పేజీలు రాయలేకపోతే ఈ ఏడాది వేయాల్సిన పనిలేదు.

అమెరికా సంగతి వేరు. అక్కడి ఆకర్షణ ఉత్త డాలర్లు కాదు. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టారు. డాక్టర్లు దొరకని పల్లెల్లో పిల్లల్ని చూడటానికి నర్సులను తయారుచేద్దామన్నది ఉద్దేశం. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో నర్స్ ప్రాక్టీషనర్ డాక్టరు పర్యవేక్షణ లేకుండానే రోగిని పరీక్షించి, జబ్బు నిర్ధారించి, మందు రాయవచ్చు. పదేళ్లు వార్డులో నలిగి, ఏ మందు ఇవ్వాలో తెలిసి కూడా సంతకం కోసం ఎదురుచూసిన నర్సుకు ఆ గౌరవం ఎంత విలువైనదో నేను అర్థం చేసుకోగలను.

కానీ నడిగూడెంలో కూర్చుని నేరుగా డీఎన్‌పీకి వేయడం తెలివైన పని కాదంటాను. చాలా కోర్సులు అమెరికా రాష్ట్రాల్లో చెల్లే ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు, లైసెన్స్ ముందే అడుగుతాయి. దానికి ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష పాసవ్వాలి, దానికంటే ముందు చదివిన చదువుకు అంచనా పత్రం తెచ్చుకోవాలి. ట్రాన్స్‌క్రిప్టులు విశ్వవిద్యాలయం నుంచి, రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ నర్సింగ్ కౌన్సిల్ నుంచి నేరుగా వెళ్లాలి, మన చేతికిచ్చిన కాపీలు పనికిరావు. రాష్ట్ర విభజనకు ముందు బీఎస్సీలో చేరి తర్వాత ఎమ్మెస్సీ చేసినవాళ్లయితే ఒక కాగితానికి విజయవాడలోని ఎన్టీఆర్ విశ్వవిద్యాలయానికీ, ఇంకో కాగితానికి వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయానికీ తిరగాలి. ఇక డీఎన్‌పీ కోర్సులు చాలావరకు ఉద్యోగం చేసుకుంటూ చదివే అమెరికా నర్సుల కోసం ఆన్‌లైన్‌లో నడుస్తాయి. విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకు ఒక టర్మ్‌లో ఒక్క ఆన్‌లైన్ క్లాసు మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఆన్‌లైన్ కోర్సుకు సీటొచ్చినా వీసాకు అది సరిపోదు. బీఎస్సీ తర్వాత మొత్తం వెయ్యి గంటల ప్రాక్టీసు చూపించాలన్నది ఈ పట్టాకు మొదటినుంచీ ఉన్న లెక్క. ఆ గంటలు అక్కడి క్లినిక్‌లో లైసెన్స్ ఉన్న నర్సుగా చేయాలి.

ఉద్యోగం మీద నర్సుగా వెళ్లి, తర్వాత చదువుకోవచ్చనే దారి ఉంది. అది దీనికంటే సహజమైన దారి. ఆ పనికి అక్కడివాళ్లు దొరకడం లేదని చూపించే లేబర్ సర్టిఫికేషన్ నుంచి నర్సులకు మినహాయింపు కూడా ఉంది. అయితే గ్రీన్‌కార్డు క్యూలో భారతీయులకు ఆ మినహాయింపు ఏమీ కలిసిరాదు, నర్సులు వచ్చే ఈబీ-3 అనే ఉద్యోగ వరసలో మనవాళ్ల నిరీక్షణ పదేళ్లు దాటింది. ముప్పై ఏళ్ల అమ్మాయి ఇవాళ కాగితం వేస్తే నలభై దాటాక కబురు రావచ్చు. ఇప్పటికే అక్కడ స్థిరపడి, ఆర్‌ఎన్‌గా చేస్తున్న తెలుగు నర్సులకు నేను వేరే సలహా ఇస్తాను. ఆసుపత్రి ఫీజులో కొంత భరిస్తుంటే, ఆ రాష్ట్రంలో ప్రాక్టీషనర్లకు స్వేచ్ఛ ఉంటే, డీఎన్‌పీకి వేయడంలో తప్పేమీ లేదు. పట్టా వచ్చినా క్లినిక్‌లో 'డాక్టర్' అని పిలిపించుకోవడానికి కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల చట్టం ఒప్పుకోదని మాత్రం తెలిసి ఉండాలి. ఇక్కడి అమ్మాయి పొలం తాకట్టు పెట్టి అప్పు తెచ్చి వేస్తానంటే వద్దంటాను. చదివి తిరిగి వచ్చినా ఆ పట్టాతో కోదాడలో ఒక పారాసిటమాల్ చీటీ రాసే అధికారం ఆమెకు లేదు. మందు రాయడానికి ఇక్కడ రిజిస్టర్డ్ డాక్టరే కావాలి.

ఇక్కడి పీహెచ్‌డీకీ అక్కడి డీఎన్‌పీకీ మధ్య మనవాళ్లు అంతగా పట్టించుకోని దారి ఒకటి ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది ఆ మరుసటి ఏడాది, 2018లో. నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అన్న పేరుకు దేశంలో ఒక రూపం వచ్చింది అలాగే. ఐసీయూ వైపు ఇష్టమున్నవాళ్లకు కౌన్సిల్ రూపొందించిన రెండేళ్ల క్రిటికల్ కేర్ ప్రాక్టీషనర్ రెసిడెన్సీ ఉంది. ఇవి డాక్టరేట్లు కావు. కానీ అడ్వాన్స్‌డ్ నర్సింగ్ ప్రాక్టీస్ అన్న మాటకు మన రాష్ట్రంలో చేత్తో తాకి చూడగలిగిన అర్థం ఇవ్వాళ ఇవే. మిడ్‌వైఫ్‌గా శిక్షణ పొందిన నర్సు సాధారణ కాన్పును తన బాధ్యత మీద నడపగలదు, ఎప్పుడు డాక్టరును పిలవాలో తను నిర్ణయించగలదు. 60.7 శాతం అన్న అంకె కిందికి దిగాలంటే ఇలాంటివాళ్లు ప్రతి ఆసుపత్రిలో ఉండాలి.

అందుకే మా అమ్మాయికి ముందు మిడ్‌వైఫరీ శిక్షణ, తర్వాత ఉద్యోగం వదలకుండా ఇక్కడే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ అన్నాను. పార్టోగ్రాఫ్ ప్రశ్నను అప్పటిదాకా చేజారనివ్వొద్దన్నాను. శిక్షణ తర్వాత ఆ ప్రశ్న మారవచ్చు, మారితే మరీ మంచిది. "అప్పటికి ముప్పైనాలుగు వస్తయ్ పెద్దమ్మా" అంది. వస్తాయి. దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ముప్పైలో తెచ్చుకున్న పట్టాతో ఏం చేయాలో తెలియక కూర్చోవడం కంటే అది నయమని మాత్రం నమ్ముతున్నాను.

మా ఊరి పేరు చెప్పుకుని ఇంకో కోరిక కోరతాను. మునగాల సంస్థానానికి నడిగూడెం కోట కేంద్రంగా ఉన్న రోజుల్లో, రాజా నాయని వెంకట రంగారావు దగ్గర దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నిలబెట్టి చరిత్రను, శాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చారు. ఆయన కూతురు డాక్టర్ అచ్చమాంబ విజయవాడలో కాన్పుల డాక్టరుగా పేరు తెచ్చుకుని, 1957లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. ప్రసూతి గురించి, శిశుపోషణ గురించి తెలుగులో పుస్తకం రాశారు. మన నర్సులు రాస్తున్న థీసిస్‌లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. వాటి ఫలితం ఏ తల్లుల దగ్గర లెక్కలు తీసుకున్నారో ఆ తల్లులకు తెలియదు, ఆశా కార్యకర్తకు తెలియదు, పక్క వార్డు సిస్టర్‌కూ తెలియదు. సినాప్సిస్ రాసేటప్పుడే, పూర్తయ్యాక దీన్ని తెలుగులో ఇరవై పేజీల పుస్తకంగా వేస్తాను అని ఒక వాక్యం చేర్చమన్నాను. ఎథిక్స్ కమిటీ దానికి అడ్డు చెప్పదు. ఇంటర్వ్యూలో ఆ వాక్యం గురించి అడిగితే జవాబు చెప్పడానికి ఆమెకు ఇబ్బంది ఉండదు.

మిగిలింది ఎన్‌ఓసీ. ఆమె పనిచేసే వార్డులో రాత్రికి ఇద్దరే నర్సులు. ఒకరిని కోర్సు వర్క్‌కు పంపితే ఆ నెలల్లో ఒక్కరే మిగులుతారు, తెల్లారి నింపే గ్రాఫులు ఇంకా పెరుగుతాయి. 2019లో సూర్యాపేటలో మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడి డాక్టర్లు పరిశోధన చేస్తామంటే అది ఉద్యోగంలో భాగమే అవుతుంది. నర్సు చేస్తానంటే సెలవు చీటీ పెట్టుకోవాలి. చదువుకు వెళ్లిన నర్సు స్థానంలో ఇంకొకరిని పంపే ఏర్పాటు, తిరిగొచ్చాక వార్డులోనే ఉండి పరిశోధన చేసే పోస్టు, ఈ రెండూ ఆరోగ్య శాఖ చేతిలో ఉన్నాయి. అవి లేనంతకాలం ఎన్‌ఓసీ మీద సంతకం పెట్టని సూపరింటెండెంట్‌ను నేను తప్పుపట్టలేను, సంతకం కోసం ఆయన గది ముందు నిలబడిన నర్సును వెనక్కి వెళ్లమనీ చెప్పలేను.